సూపర్ రోబోట్ వార్స్: కార్టూన్లు ఒక్కటీ చూడకుండా ఆడవచ్చా? డబ్బు ఎవరి మీద పెట్టాలి?

పర్లాకిమిడి జెరాక్స్

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. బజారులో జెరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం నడుపుతున్నాను. మధ్యాహ్నం బేరం పల్చబడ్డాక, సాయంత్రం కాలేజీ పిల్లలు వచ్చేదాకా కంప్యూటర్ ఖాళీగానే ఉంటుంది. విశాఖలో చదువుతున్న మా తమ్ముడు దసరాకు వచ్చినప్పుడు స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల అంగడిలో ‘సూపర్ రోబోట్ వార్స్ 30’ కొని ఎక్కించి వెళ్ళాడు. చదరంగం అంటే నాకు ప్రాణం కాబట్టి ఇది తప్పక నచ్చుతుందన్నాడు. నిజంగానే నచ్చింది. వేర్వేరు జపాను కార్టూన్ల రోబోలు ఒకే జట్టుగా పోరాడే ఆట ఇది. గళ్ళ పటం మీద ఒకసారి మన వంతు, ఒకసారి శత్రువు వంతు. తొందరపెట్టేవారు లేరు. మధ్యలో ఎవరైనా కులధ్రువీకరణ దరఖాస్తు నింపమని వస్తే, ఆ పని ముగించి వచ్చి అక్కడి నుంచే ఆడుకోవచ్చు.

నా సందేహాలు రెండు. జపాను రోబో కార్టూన్లు నేను ఒక్కటీ చూడలేదు. ఆటలో వాళ్ళేమో పాత స్నేహాలు, పాత పగలు తలుచుకుంటూ ఉంటారు. అవన్నీ చూసి వచ్చి ఆడాలా? రెండోది డబ్బు సంగతి. గెలిచాక వచ్చే డబ్బుతో రోబోలను బలపరచాలి కదా, అందరికీ తలా కొంత పంచాలా, ఒకరిద్దరికే పెట్టాలా? మాజింగర్ ఎన్ని దెబ్బలు తిన్నా నిలబడుతోంది. గండమ్ మాత్రం మొదటి నాలుగైదు దాడులు చక్కగా తప్పించుకుని, ఆ తరువాత ఒక్కటి తగిలితే సగం ప్రాణం పోగొట్టుకుంటోంది. దానికి కవచం పెంచమంటారా?

నాగావళి గట్టు, రాయగడ

ముందు కార్టూన్ల సంగతి చెబుతాను. చూడనక్కర లేదు, నిశ్చింతగా ఆడండి. భారతంలో సౌగంధిక పుష్పం కోసం వెళ్ళిన భీముడికి దారికి అడ్డంగా హనుమంతుడు కనిపిస్తాడు. రామాయణం తెలియని పిల్లవాడు కూడా, భీముడంతటివాడు ఆ తోక కదపలేకపోయాడని వినగానే ఆ ముసలి కోతి సామాన్యుడు కాడని గ్రహిస్తాడు. ఆ తరువాత రామాయణం చెప్పమని వెంటపడతాడు. ఈ ఆటలు చేసే పని అదే. 1972లో గో నాగాయ్ సృష్టించిన మాజింగర్ జెడ్, 1979లో యోషియుకీ తొమినో దర్శకత్వంలో వచ్చిన గండమ్ ఒకే సైన్యంలో నిలబడి ఒకరినొకరు ఎలా చూస్తున్నారో గమనించండి, చాలు. పైగా 30లో కనిపించే కోజీ కబూతో, అంటే మాజింగర్‌ను నడిపేవాడు, మొదటి కథ ముగిసిన పదేళ్ల తరువాతి కోజీ. తెరమీదికి వచ్చేసరికే గతం ఉన్న మనిషి. ఎవరైనా మరీ అర్థం కాకపోతే ఆటలోనే లైబ్రరీ ఉంది, అందులో మనుషుల గురించీ రోబోల గురించీ క్లుప్తంగా రాశారు.

డబ్బు విషయంలో నా మాట ఒక్కటే. ఎవరి స్వభావాన్ని బట్టి వారికి పెట్టండి. ఈ ఆటలంటే నాకింత మమకారం ఉండడానికి కారణం కూడా అదే. తయారుచేసినవారు ప్రతి కథలోని గుణాన్ని అంకెల్లోకి దించారు. మాజింగర్ కథలో ఆ ఉక్కు శరీరమే గొప్ప. సూపర్ అల్లాయ్ జెడ్ అనే లోహం, ఫూజీ పర్వతం దగ్గర దొరికే ఖనిజం నుంచి తీసింది. కాబట్టి ఆటలో అది తప్పించుకోదు, ఓర్చుకుంటుంది. దానికి ఆర్మర్, అంటే కవచం, పెంచండి. గండమ్ కథలో యంత్రం కంటే దాన్ని నడిపే అమురో కళ్ళూ చేతులూ గొప్ప. దానికి కవచం మీద ఖర్చు చేయకండి, మొబిలిటీ, అంటే తప్పించుకునే చురుకుదనం, పెంచండి.

ఇక నాలుగైదు దాడుల తరువాత దెబ్బ తగలడం గురించి. అది దురదృష్టం కాదు, లెక్క. ఒకే వంతులో ఒకరి మీదికే వరుసగా దాడులు వస్తే, వచ్చిన ప్రతి దాడికీ తప్పించుకునే అవకాశం తగ్గుతూ పోతుంది. ఈ శ్రేణిలో ఈ మధ్య వచ్చిన వి, ఎక్స్, టి, 30 అనే ఆటలన్నిటిలోనూ ఈ నియమం ఉంది. అందువల్ల గండమ్‌ను ఒంటరిగా గుంపు మధ్యకు పంపవద్దు. మాజింగర్‌ను ముందు నిలబెట్టి, గండమ్‌ను దూరం నుంచి కాల్పించండి. తప్పనిసరిగా ముందుకు వెళ్ళవలసి వస్తే అలర్ట్ అనే స్పిరిట్ కమాండ్, అంటే పైలట్ తన శక్తి కొంత ఖర్చుపెట్టి వాడే ప్రత్యేక విద్య, వేయండి. అది ఒక్క దాడిని మాత్రం తప్పకుండా తప్పిస్తుంది.

గెట్టర్ రోబో మీ జట్టులోకి వచ్చాక మాత్రం తొందరపడకుండా దాన్ని పరిశీలించండి. మూడు విమానాలు, ముగ్గురు మనుషులు. విమానాలు కలిసే వరుస మారితే రోబో రూపమే మారిపోతుంది. 1974 నాటి కథలో ఒక రూపం ఆకాశానికి, ఒకటి నేలకు, ఒకటి నీటికి. ఆటలో దీని అసలు లాభం వేరే ఉంది. ముగ్గురు ఉన్నారు కాబట్టి ముగ్గురి స్పిరిట్ కమాండ్లూ మీవే. ఒకరి శక్తి అయిపోయినా ఇంకొకరిది మిగిలి ఉంటుంది. కాంబాట్లర్ వి అయితే ఐదుగురు! పెద్ద శత్రువు ఎదురైనప్పుడు ఒకరు స్ట్రైక్ వేసి గురి తప్పకుండా చేస్తే, ఇంకొకరు వ్యాలర్ వేసి దెబ్బను రెట్టింపు చేస్తారు. కథలో వాళ్ళు ప్రాణస్నేహితులు ఎందుకయ్యారో అక్కడ తెలిసిపోతుంది. నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

బరంపురం పట్టు

రాయగడ అన్నగారి మాటల్లో చాలావరకు ఒప్పుకుంటాను గానీ, డబ్బు విషయంలో కాదు. స్వభావం చూసి పెట్టమంటే కొత్తవారు పదిమందికి పంచేస్తారు. మొదట్లో ఎవరినైనా ఒకరిని ఎంచుకుని, వారి ఆయుధాలకే పెట్టండి. శత్రువులను ఎక్కువగా కూల్చినవారికి మోరేల్, అంటే పోరాడే ఉత్సాహం, త్వరగా పెరుగుతుంది. 100 దగ్గర మొదలయ్యే ఆ అంకె 120, 130 దాటితే తప్ప పెద్ద ఆయుధాలు కొన్ని తెరుచుకోవు. బలమైనవాడు ఒక్కడుంటే మిగిలినవారిని వాడే లాక్కువస్తాడు.

ఇంకో మాట. ఈ శ్రేణి 1991లో గేమ్ బాయ్ మీద మొదలైంది. ఆ మొదటి ఆటలో పైలట్లే లేరు, రోబోలే మాట్లాడేవి. మనుషులు వచ్చింది అదే ఏడాది వచ్చిన రెండో ఆటతో. చాలాకాలం జపాను బయట ఇవి దొరకలేదు. ఒక్కొక్క కార్టూన్ హక్కు ఒక్కొక్కరిది, అందరినీ ఒప్పించడం అంత సులువు కాదు. అందుకే 2006లో ఆంగ్లంలో ముందుగా వచ్చినవి ఒరిజినల్ జెనరేషన్ ఆటలు. వాటిలో పాత్రలన్నీ తయారుచేసినవారి సొంతం. మీకు కార్టూన్ల దిగులు మరీ ఉంటే ఆ ఆటలు ఆడి చూడండి, వేరే కథ ఏదీ తెలియనక్కర లేదు.

పర్లాకిమిడి జెరాక్స్

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈరోజు గండమ్‌ను అడవి గడిలో వెనక నిలబెట్టి ఆడాను. ఒక్క దెబ్బ తగలలేదు. ఒక చిన్న సందేహం. బలమైనవాడే అందరినీ కూలుస్తుంటే చిన్నవారికి అనుభవం ఎలా వస్తుంది? మా కట్లు కట్టే డాక్టరు రోబో, అంటే మరమ్మతు చేసేది, ఇంకా కిందనే ఉండిపోయింది.

నాగావళి గట్టు, రాయగడ

మరమ్మతు చేసినా అనుభవం వస్తుంది. అవసరం కనిపించిన ప్రతి వంతులోనూ చేయించండి. ఇక కూల్చడం గురించైతే మెర్సీ అనే కమాండ్ ఎవరికుందో వెతకండి. అది వేసి కొడితే ఎంత పెద్ద దెబ్బ అయినా శత్రువుకు 10 పాయింట్ల ప్రాణం మిగులుతుంది. ఆ చివరి దెబ్బ మీ చిన్నవాడితో వేయించండి. కూల్చినవారికే అనుభవం ఎక్కువ. బరంపురం తమ్ముడు చెప్పినట్టు ఒక బలవంతుణ్ణి తయారుచేసుకోండి, కానీ వాడి చేత ఇలా దానం చేయించండి.

బరంపురం పట్టు

దీనికి నేనూ ఒప్పుకుంటాను. ఈ శ్రేణిలో 2025 ఆగస్టులో వచ్చిన ‘వై’ కూడా స్టీమ్‌లో ఉంది, అందులో గాడ్జిల్లా కథ కూడా కలిపారు. కానీ 30 ముగిసేదాకా దాన్ని కొనవద్దు. 30 చాలా పెద్దది, మీ మధ్యాహ్నాలకు బాగా సరిపోతుంది.