మంచాన పడ్డ నాయనకి ఇంటికాడ వైద్యం, వైద్య సేవ కార్డు మీద ఏమన్నా వస్తుందా?

కావలి అబ్బాయి:
అందరికీ నమస్తే. మాది కావలి దగ్గర పల్లె. నాయనకి పక్షవాతం వచ్చి కుడి పక్క మొత్తం పడిపోయింది, నెల్లూరులో ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు మీద చూపించినాం, రూపాయి తీసుకోలా. రేపో ఎల్లుండో డిశ్చార్జి అంటున్నారు. ముక్కుకి పైపు, యూరిన్ పైపు రెండూ ఉండాయి. ఇంటికి పొయ్యినాక నర్సు, ఫిజియో కార్డు మీద వస్తారా? ప్రైవేటు వాళ్ళు నెలకి చెప్పే రేటు విని మా అమ్మ అన్నం కూడా తినలేదన్నా.

బుచ్చి అక్క:
తమ్ముడూ, కార్డు మీద ఇంటికి నర్సు రాదు. ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికే అది. డిశ్చార్జి అయినాక 10 రోజుల మందులు మాత్రం ప్యాకేజీలోనే ఉంటాయి, కొన్ని జబ్బులకి ఏడాది దాకా ఫాలోఅప్ కూడా ఉంటుంది, నాయన కేసు దాంట్లోకి వస్తుందా లేదా ఆసుపత్రిలో కార్డు పనులు చూసే ఆరోగ్యమిత్రని ఇప్పుడే అడుగు. మా అత్తకి తుంటి ఆపరేషన్ అయినప్పుడు చీటీ రాసి మందులు బయట కొనుక్కోమన్నారు, మా ఆయన పొయ్యి ఆరోగ్యమిత్ర కాడ నిలబడి అడిగితే అప్పుడు ఇచ్చినారు. ఇంటికి వచ్చేసినాక ఫోన్లో అడిగితే పని జరగదు.

ఒంగోలు సిస్టర్:
నేను స్టాఫ్ నర్సుని. ఈ రెండ్రోజులు వార్డులో సిస్టర్ పక్కనే నిలబడి అన్నీ మీ చేత్తో చేసి నేర్చుకోండి బాబూ, అమ్మతో కూడా చేయించండి. ముక్కు పైపులో పోసేటప్పుడు తలవైపు ఎత్తుగా ఉండాలి, పోసినాక కనీసం అరగంట పడుకోబెట్టొద్దు, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 2 గంటలకోసారి పక్క మార్చండి, రాత్రి పూట కూడా. నడుం కింద, మడమల కాడ రోజూ చూడండి, ఎర్రగా అయ్యి వేలితో నొక్కినా ఆ ఎరుపు పోలేదంటే పుండు మొదలైనట్టే. యూరిన్ బ్యాగు ఎప్పుడూ మంచం కన్నా కిందే ఉండాలి. పైపు మార్చే తేదీ డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి, ఆ కాగితం మీ ఊరి విలేజ్ క్లినిక్‌లో రోజూ చూసే ఆరోగ్య అధికారి, ఎంఎల్‌హెచ్‌పీ మేడమ్‌కి చూపించండి, వాళ్ళు నర్సింగ్ చదివినోళ్ళే.

చీమకుర్తి అన్న:
104 బండి సంగతి ఎవరూ చెప్పలా. మా ఊరికి బండి వచ్చిన రోజు డాక్టరు మంచాన ఉన్నోళ్ళ ఇళ్ళకి వచ్చి చూస్తాడు, బీపీ షుగర్ మందులు కూడా ఇస్తారు, కాకపోతే ముందు రోజే ఆశా కార్యకర్తకి చెప్పి పేరు రాయించాలి, చెప్పకపోతే బండి స్కూలు కాడ ఆగి అట్నుంచి అటే పోతుంది. మా పెదనాయన ఉన్నన్నాళ్ళూ ఆశా అమ్మాయే వచ్చి పలకరించి పొయ్యేది, ఆ పిల్ల రుణం మేం తీర్చుకోలేం.

అల్లూరు శీను:
పెన్షన్ చూడండి బ్రో. పక్షవాతంతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనోళ్ళకి 2024 జులై నుంచి నెలకి 15,000, ముందు 5,000 ఉండేది. ఆ డబ్బుతో ఊళ్ళోనే ఒక మనిషిని పెట్టుకోవచ్చు. దానికి సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు రాసిచ్చేది, కావాలి, పక్షవాతం వచ్చిన వెంటనే ఇవ్వరు, కొన్ని నెలలు ఆగాలి. స్లాట్ ఎప్పుడు, కొత్త అప్లికేషన్ తీసుకుంటున్నారా అనేది సచివాలయంలో కనుక్కోండి. 2025లో డాక్టర్ల టీములు ఇళ్ళకొచ్చి మళ్ళీ చెక్ చేసినారు, పర్సెంటేజీ తగ్గిందని 6,000కి మార్చినోళ్ళు కూడా ఉండారు. బాగైతే పెన్షన్ తగ్గిపోద్దని మా వీధిలో ఒకాయన ఫిజియో మానేసినాడు.

ఒంగోలు సిస్టర్:
శీనూ, ఆ మాట విని ఇంకెవరూ అట్టా చెయ్యొద్దు, దణ్ణం పెట్టి చెప్తున్నా. పక్షవాతంలో మొదటి కొన్ని నెలల్లో వచ్చే కదలికే ఎక్కువ, ఆ టైం పోతే తర్వాత రావడం నిదానం, కష్టం. మనిషి లేచి బాత్రూంకి తనే పోవడం 15,000 కంటే ఎక్కువ. ఫిజియో రోజూ రాకపోయినా వారానికోసారి పిలిచి మిగతా రోజులు ఆయన చెప్పినట్టు ఇంట్లో వాళ్ళే చేయించండి.

కావలి అబ్బాయి:
చాలా థ్యాంక్స్ అక్కా, అన్నా. నాయనకి 72, వయ వందన కార్డు అయితే ఇంటికి వస్తారా?

బుచ్చి అక్క:
అదీ అంతే తమ్ముడూ. 2024 అక్టోబరులో పెట్టినారు, 70 దాటినోళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షలు, కానీ ఆసుపత్రిలో చేరితేనే, డిశ్చార్జి తర్వాత 15 రోజుల దాకా ఖర్చులు దాంట్లో ఉంటాయి. మళ్ళీ చేరాల్సి వస్తే పనికొస్తుంది, ఆధార్ మీద చేసిపెట్టు.

చీమకుర్తి అన్న:
మా పెదనాయన వాడిన ఎయిర్ బెడ్ మోటారుతో సహా ఉంది, ఉట్టిగానే పడి ఉంది. మెసేజ్ పెట్టు తమ్ముడూ, కావలి బస్టాండుకి తెచ్చిస్తా. కరెంటు పోతే గాలి దిగిపోద్ది, ఇన్వర్టర్ ఉంటే దానికి కలపండి, లేకపోతే ఆ కాసేపు పక్క మార్చడం మరిచిపోవద్దు.