ముక్కు టీకాలో అడ్జువెంట్ కలపవచ్చా?

హన్మకొండ నర్సు:
మా ఉప కేంద్రంలో సూది కనిపిస్తే చాలు, పిల్లలు తల్లి కొంగులో ముఖం దాచుకుని గుక్కపెట్టి ఏడుస్తారు. ఫ్లూకు ముక్కులో కొట్టే టీకా వస్తే ఎంత మేలు! 2010లో స్వైన్ ఫ్లూకు పుణె సీరం సంస్థ అలాంటిది తెచ్చింది. అయితే అందులో ఉన్నది బలహీనపరచిన సజీవ వైరస్. గర్భిణులకు, రోగనిరోధక శక్తి తగ్గినవారికి అది ఇవ్వకూడదు. చంపిన వైరస్‌తో చేస్తే వాళ్లకూ ఇవ్వవచ్చు కదా. దాని బలం పెంచడానికి అడ్జువెంట్ కలపాలంటున్నారు. కలిపితే నష్టమేమిటి?

పరకాల సైన్సు మాస్టారు:
కలపక తప్పదు తల్లీ. ముక్కులోని జిగురు, సన్నని నూగు కలిసి లోపలికి వచ్చినదాన్ని పావుగంట, ఇరవై నిమిషాల్లో గొంతులోకి తోసేస్తాయి. చచ్చిన వైరస్ అక్కడ పెరగలేదు. రక్షణ కణాలు దాన్ని గుర్తించేలోపే కడుపులోకి జారిపోతుంది. అడ్జువెంట్ వాటిని తట్టి లేపుతుంది. అప్పుడే ముక్కు పొరల్లో ఐజీఏ యాంటీబాడీలు బాగా పుడతాయి, వైరస్‌ను గుమ్మంలోనే ఆపుతాయి. 1997 నుంచి ఇటలీలో వృద్ధుల ఫ్లూ సూదిమందులో స్క్వాలీన్ నూనెతో చేసిన అడ్జువెంట్ వాడుతున్నారు. భయం దేనికి?

కాజీపేట ఫార్మసిస్టు:
మాస్టారూ, అది జబ్బకు వేసేది. ముక్కు పైభాగంలో వాసన నరాల కొసలున్నాయి, అక్కడి నుంచి మెదడు ఎంతో దూరం లేదు. 2000–2001 శీతాకాలంలో స్విట్జర్లాండ్‌లో ‘నేసల్‌ఫ్లూ’ అనే టీకా వాడారు. ఇ.కోలై బ్యాక్టీరియా విషాన్నే అందులో అడ్జువెంట్‌గా కలిపారు. వేసుకున్నవారిలో ప్రతి 10,000 మందికి 13 మందికి అదనంగా మూతి వంకర పోయింది. టీకాను ఆపేశారు. ఆ విషం మీదే ప్రధానంగా అనుమానం.
మా వీధిలో ఒకాయనకు వేరే కారణంతో అలాగే అయింది. నీళ్లు తాగితే పెదవి చివర నుంచి కారేవి, రాత్రి కన్ను మూతపడక బట్ట కప్పుకునేవాడు. ఆ బాధ చూసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను.

పరకాల సైన్సు మాస్టారు:
ఆ ఒక్క విషం చేసిన తప్పును అన్నిటి మీదా రుద్దడం న్యాయమా? రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్ లాంటివాటినీ పరీక్షిస్తున్నారు.

కాజీపేట ఫార్మసిస్టు:
పరీక్షించనివ్వండి, నేను అడ్డు చెప్పను. ఎంతమంది మీద, ఎన్నాళ్లు అన్నదే నా పట్టు. వెయ్యిమందికి వేస్తే అలాంటి కేసు ఒకటో రెండో వస్తుంది, యాదృచ్ఛికమని కొట్టేస్తారు. పైగా అక్కడ ఎక్కువ కేసులు రెండో నెలలో బయటపడ్డాయి.

హన్మకొండ నర్సు:
రెండో నెలా! మేము టీకా వేశాక అరగంట కూర్చోబెట్టి పంపేస్తాం. ఆ తర్వాత నెలకు మూతి వంకర పోతే మా దగ్గరికి రారు, ఊళ్లో నాటు మందు వేయించుకుంటారు. టీకాకు, దానికి సంబంధముందని ఎవరికీ తట్టదు. అలాంటి టీకా ఎప్పుడైనా మా చేతికి ఇస్తే, మూడు నెలల పాటు ఇంటికి వెళ్లి ముఖం చూసి రాసేందుకు రిజిస్టరులో ఒక గడి కూడా ఇవ్వాలి. ఇళ్లు తిరగడం మాకు కొత్త కాదు. ఆ గడి లేకుండా మాత్రం నేను వేయను.