2028లో వాన్స్, న్యూసమ్ తలపడితే: అంచనా ఎలా కట్టాలి?

ఓరుగల్లు_పిల్ల:
2028 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్ల తరఫున జె.డి. వాన్స్, డెమొక్రాట్ల తరఫున కాలిఫోర్నియా గవర్నరుగా చేసిన గావిన్ న్యూసమ్ నిలబడితే ఎవరిది పైచేయి? మా కాలేజీ చర్చా పోటీలో అంశం ఇది. ఇది ఊహే, పార్టీలు ఎవరినీ ఖాయం చేయలేదని తెలుసు. "ఫలానా సర్వేలో ఈయన 3 పాయింట్లు ముందున్నాడు" అని చెప్పి కూర్చుంటే సరిపోదు కదా. పద్ధతిగా లెక్క కట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? సాఫ్ట్‌వేర్లేవీ రావు, కాగితం, కాలిక్యులేటరే.

లెక్కల_పంతులు:
కాగితం చాలమ్మా. దేశవ్యాప్త సర్వేను కాసేపు పక్కన పెట్టి ఎలక్టోరల్ ఓట్ల పట్టికతో మొదలుపెట్టు. అధ్యక్షుణ్ని తేల్చేవి ఇవే; దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ గెలిచినవాళ్లకే ఆ రాష్ట్రం ఓట్లన్నీ పోతాయి. మొత్తం 538, గెలుపుకు 270. రాష్ట్రాల వాటాలు 2020 జనాభా లెక్కల మీద పంచినవి. 2024లో ఉన్నవే 2028లోనూ ఉంటాయి కాబట్టి పాత పట్టిక పనికొస్తుంది.

2024లో ట్రంప్‌కు 312, హారిస్‌కు 226. ట్రంప్ 312లోంచి ఏడు స్వింగ్ రాష్ట్రాల (ఎటైనా మొగ్గేవి) 93 తీసెయ్. మిగిలేది 219. అంటే వాన్స్ 219 దగ్గర, న్యూసమ్ 226 దగ్గర బయల్దేరుతున్నారనుకో. ఇప్పుడు ఆ ఏడింటినీ ట్రంప్ ఆధిక్యం ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి వరుసగా రాసి వాన్స్ 219కు కూడుకుంటూ పో:

అరిజోనా (11 ఓట్లు), ఆధిక్యం 5.5 శాతం – మొత్తం 230
నార్త్ కరోలినా (16), 3.2 – 246
నెవాడా (6), 3.1 – 252
జార్జియా (16), 2.2 – 268
పెన్సిల్వేనియా (19), 1.7 – 287
మిషిగన్ (15), 1.4 – 302
విస్కాన్సిన్ (10), 0.9 – 312

268 దగ్గర ఇంకా గెలవలేదు, పెన్సిల్వేనియా చేరగానే గీత దాటింది. దీన్నే టిప్పింగ్ పాయింట్ రాష్ట్రం అంటారు. అదే జాబితాను కింది నుంచి పైకి న్యూసమ్ కోసం కూడు: 226కు 10, 15, 19 కలిపితే సరిగ్గా 270. ఒక్క ఓటు కూడా మిగలదు.

కాబట్టి నీ చర్చకు అసలు ప్రశ్న "ఎవరికి జనాదరణ ఎక్కువ" అన్నది కాదు. పెన్సిల్వేనియాలో ఆ 1.7 తిరగబడుతుందా లేదా అన్నది. ఒక ఓటరు ఇటు నుంచి అటు మారితే తేడా రెండు ఓట్లు తగ్గుతుంది. అంటే నూటికి ఒక్కరి కంటే తక్కువమంది మారినా చాలు.

షార్లెట్_బావ:
పంతులుగారి పట్టికకు ఒక చేర్పు. దేశవ్యాప్త ఆధిక్యానికీ, టిప్పింగ్ పాయింట్ రాష్ట్రంలోని ఆధిక్యానికీ మధ్య ఎడం ఎంతో చూడాలి. 2016లో హిల్లరీ దేశం మొత్తం మీద 2.1 ముందున్నా విస్కాన్సిన్‌లో 0.8 తేడాతో ఓడింది. 2020లో బైడెన్ ఆధిక్యం దేశంలో 4.5, విస్కాన్సిన్‌లో 0.6 మాత్రమే. ఎడం దాదాపు 4. "డెమొక్రాట్ గెలవాలంటే దేశంలో మూడు నాలుగు పాయింట్ల ఆధిక్యం ఉండాల్సిందే" అన్న మాట అక్కణ్నుంచి వచ్చింది. కానీ 2024లో ట్రంప్ దేశంలో 1.5, పెన్సిల్వేనియాలో 1.7. ఎడం 0.2కు పడిపోయింది. పాత సూత్రాన్ని ఇంకా పట్టుకుని వేలాడేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఎందుకు పడిపోయిందంటే, 2020 నుంచి 2024కు దేశం 6 పాయింట్లు రిపబ్లికన్ల వైపు జరిగితే విస్కాన్సిన్ ఒకటిన్నర పాయింటే జరిగింది. న్యూయార్క్‌లో డెమొక్రాట్ల ఆధిక్యం 23 నుంచి 13 లోపుకు దిగింది. ట్రంప్‌కు కొత్తగా వచ్చిన ఓట్లలో పెద్ద వాటా అక్కరకు రాని రాష్ట్రాల్లో పడింది. దీన్ని న్యూసమ్‌కు తిప్పి చూడు: కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీల్లో పోయిన ఓట్లు మాత్రమే వెనక్కి తెచ్చుకుంటే దేశవ్యాప్త సర్వేలో బ్రహ్మాండంగా కనిపిస్తాడు, ఎలక్టోరల్ ఓటు ఒక్కటీ పెరగదు. 2028లో ఆ ఎడం ఎటు పోతుందో ముందే తేల్చలేం కాబట్టి 0తో ఒకసారి, 3తో ఒకసారి లెక్క కట్టు.

కృష్ణా_కాలువ:
సొంత రాష్ట్రం బలం కలపాలి కదండీ? వాన్స్‌ది ఒహాయో, న్యూసమ్‌ది కాలిఫోర్నియా. ఇంకోటి, ఉషా వాన్స్ మూలాలు పశ్చిమ గోదావరి వడ్లూరులో ఉన్నాయి, మనవాళ్ల ఓట్లు అటు పోవూ?

షార్లెట్_బావ:
ఒహాయో 17 ఓట్లూ 2024లో 11 పాయింట్ల తేడాతో రిపబ్లికన్లవే. కాలిఫోర్నియా 54 ఎలాగూ డెమొక్రాట్లవి. రెండూ ఇప్పటికే 219లో, 226లో కలిసిపోయాయి. మళ్లీ కలిపితే రెండుసార్లు లెక్కపెట్టినట్టే.

మనవాళ్ల సంగతి: ఓటు పౌరులకే. హెచ్1బీ వాళ్లకూ గ్రీన్‌కార్డు వాళ్లకూ లేదు. మనవాళ్లు దండిగా ఉన్న టెక్సాస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీ స్వింగ్ రాష్ట్రాలు కావు. జార్జియాలో అట్లాంటా శివార్లు, నార్త్ కరోలినాలో షార్లెట్, రాలీ అయితే మాట వేరు. జార్జియా 2020లో 11,779 ఓట్లతో తేలింది. అయినా "ఆడపడుచు మనూరిది కాబట్టి ఓటేస్తారు" అంటే ఎన్ని ఓట్లని జడ్జీ అడుగుతాడు, అంకె చెప్పలేవు. అంకె లేనిది పట్టికలోకి రాకూడదు.

ఓరుగల్లు_పిల్ల:
అర్థమైంది బావగారూ. మరి ఇద్దరి పేర్లూ పెట్టి ఇప్పుడే చేసిన ముఖాముఖి సర్వేలు వాడొచ్చా?

లెక్కల_పంతులు:
వాడు, కానీ ముందు అది ఏ తేదీల్లో చేశారు, డబ్బు ఎవరు పెట్టారు, ఎవరిని అడిగారు చూడు. పెద్దలందరినీ అడిగినదీ, నమోదైన ఓటర్లను అడిగినదీ, ఓటేస్తారనుకున్నవాళ్లను అడిగినదీ ఒకే గాటన కట్టకు.

1,000 మందిని అడిగితే ఒక్కో అభ్యర్థి అంకెలో పొరపాటుకు అవకాశం అటూ ఇటూ 3.1. ఇద్దరి మధ్య ఆధిక్యానికి వచ్చేసరికి అది దాదాపు రెట్టింపు, ఆరు దాకా. కాబట్టి ఒక్క సర్వేలో 3 ఆధిక్యం ఏమీ తేల్చదు. పది సర్వేల సగటు తీస్తే ఈ చెదురుమదురు పొరపాటు తగ్గుతుంది, అందరూ ఒకేవైపు చేసిన పొరపాటు తగ్గదు. 2020లో దేశవ్యాప్త సగటు బైడెన్‌కు 8 పైన చూపించింది, వచ్చింది 4.5. 2016లో చాలా రాష్ట్ర సర్వేలు చదువును బట్టి సర్దుబాటు చేయలేదు. డిగ్రీ ఉన్నవాళ్లే ఎక్కువగా జవాబిచ్చారు, వాళ్లు హిల్లరీ వైపు మొగ్గారు.

ఎన్నికకు చాలా ముందు చేసినవైతే ఇంకా పలుచన. 1988 జులైలో డెమొక్రాట్ అభ్యర్థి డుకాకిస్ ఒక సర్వేలో 17 పాయింట్లు ముందున్నాడు. నవంబర్లో బుష్ 40 రాష్ట్రాలు గెలిచాడు. 2007లో రిపబ్లికన్ జూలియానీ, డెమొక్రాట్ హిల్లరీ ముఖాముఖి అంటూ తెగ సర్వేలు చేశారు. ఇద్దరికీ టికెట్ రాలేదు. "ఈయన గురించి తెలియదు" అన్నవాళ్ల శాతం ఉంటే తప్పకుండా చూడు. పేరు తెలియని గవర్నరుకు తక్కువ అంకె వస్తే అది వ్యతిరేకత కాదు.

కృష్ణా_కాలువ:
ఏడు రాష్ట్రాలూ సగం సగం అనుకుంటే, ఏడూ వాన్స్‌కే రావడం 128కి ఒక వంతు. అలా కట్టొచ్చా?

లెక్కల_పంతులు:
అలా కట్టకు. ఇవి విడివిడి బొమ్మాబొరుసులు కావు. గాలి వీస్తే అన్నీ ఒకవైపే ఊగుతాయి. 2016లో ఏడింట ఆరు ట్రంప్‌కు (నెవాడా తప్ప), 2020లో ఆరు బైడెన్‌కు (నార్త్ కరోలినా తప్ప), 2024లో ఏడూ ట్రంప్‌కు. అందుకే మొత్తం పట్టికను ఒకేసారి జరిపి చూడు. డెమొక్రాట్ల వైపు 1 జరిపితే విస్కాన్సిన్ ఒక్కటే మారి 302–236 (ముందు వాన్స్, తర్వాత న్యూసమ్). 1.5కి మిషిగన్ కూడా, 287–251. 2కి పెన్సిల్వేనియా, 268–270. 3కి జార్జియా, 252–286. 3.5కి నెవాడా, నార్త్ కరోలినా, 230–308. రిపబ్లికన్ల వైపు 3 జరిపితే న్యూ హాంప్‌షైర్ 4 కలిసి వాన్స్‌కు 316. ఆ తర్వాత ఒక్కో రాష్ట్రాన్ని విడిగా ఒక పాయింటు అటూ ఇటూ కదిపి ఎక్కడ ఫలితం తారుమారవుతుందో గుర్తుపెట్టుకో.

షార్లెట్_బావ:
ఆ 270 దగ్గర ఒక గొయ్యి ఉంది. న్యూసమ్ మొదలయ్యే 226లో నెబ్రాస్కాలోని ఒమాహా జిల్లా ఓటు ఒకటి కలిసి ఉంది (ఆ రాష్ట్రం కొన్ని ఓట్లను జిల్లాలవారీగా ఇస్తుంది). అది జారితే 269–269. అప్పుడు అధ్యక్షుణ్ని ప్రతినిధుల సభ ఎన్నుకుంటుంది, రాష్ట్రానికి ఒక ఓటు, 26 కావాలి. కాలిఫోర్నియాకూ ఒకటే, వయోమింగ్‌కూ ఒకటే, వాషింగ్టన్ డి.సి.కి అసలు లేదు. ఉపాధ్యక్షుణ్ని సెనేట్ విడిగా ఎన్నుకుంటుంది. ఎదుటి జట్టు ఇది అడిగే అవకాశం ఉంది, సిద్ధంగా ఉండు.

ఓరుగల్లు_పిల్ల:
వాన్స్ ఉపాధ్యక్షుడు కావడం లాభమా, నష్టమా?

లెక్కల_పంతులు:
పదవిలో ఉండగా పోటీ చేసిన ఉపాధ్యక్షుల్లో 1960లో నిక్సన్, 1968లో హంఫ్రీ, 2000లో గోర్, 2024లో హారిస్ ఓడారు. 1988లో పెద్ద బుష్ ఒక్కడే గెలిచాడు, అంతకుముందు 1836లో వాన్ బ్యూరెన్. ఉదాహరణలు కొన్నే కాబట్టి దీన్ని శాతంగా మార్చకు. గోర్ ఓడింది ఫ్లోరిడాలో 537 ఓట్లతో. అక్కడే మూడో అభ్యర్థి నేడర్‌కు 97 వేల పైచిలుకు పడ్డాయి. అందుకే ఇద్దరి పేర్లే ఇచ్చి అడిగిన సర్వే పక్కన, మూడో పేరు కూడా ఇచ్చి అడిగిన సర్వే దొరికితే అదీ పెట్టుకో. వాన్స్ విషయంలో అంతకంటే పనికొచ్చేది ఎన్నికల ఏడాది వేసవిలో ట్రంప్ పనితీరు మీద పెన్సిల్వేనియా ఓటర్ల అభిప్రాయం. అధ్యక్షుడి మీద కోపం ఉంటే అది ఉపాధ్యక్షుడికీ అంటుకుంటుంది.