పాత చైన్‌సా క్లచ్ బిగుసుకుపోయింది, విప్పే మార్గం చెప్పగలరా?

బెంగళూరులో ఉంటున్న నేను, అనంతపురం తోటలో మా నాన్నగారు ఏళ్ల తరబడి వాడిన పెట్రోల్ చైన్‌సాను బాగుచేయాలనుకుంటున్నాను. దాన్ని తుక్కుకు వేయడానికి మనసొప్పడం లేదు. ఇంజను శక్తిని గొలుసుకు అందించే క్లచ్‌లో స్ప్రింగు సాగిపోవడంతో, దాని షూలు (రాపిడి ముక్కలు) గొలుసును తిప్పే డ్రమ్మును వదలక, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ నొక్కనప్పుడు) కూడా గొలుసు తిరుగుతోంది, ఇది చాలా ప్రమాదకరం. ఇలాంటి క్లచ్‌లకు సాధారణంగా ఎడమ మర (మామూలుకు వ్యతిరేకంగా తిరిగే మర) ఉంటుంది కనుక, పిస్టన్ ఎగ్జాస్ట్ రంధ్రాన్ని దాటి పైకి వచ్చాక ఇంజను తిరగకుండా స్పార్క్ ప్లగ్గు రంధ్రంలోంచి తాడు దూర్చి, గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పి చూశాను. తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా నాననిచ్చినా, మర చుట్టూ ఎర్రటి పొడి రాలిందే తప్ప క్లచ్ కదలలేదు. హీట్ గన్‌తో వేడి చేస్తే వెనకున్న ఆయిల్ సీలు పాడవుతుందా? ఇంపాక్ట్ రెంచి వాడితే క్రాంక్‌షాఫ్టుకు దెబ్బ తగులుతుందా? బెంగళూరు జేసీ రోడ్డు వైపు ఈ పని నమ్మకంగా చేసే మెకానిక్కు ఎవరైనా ఉంటే దయచేసి తెలుపగలరు.