అప్‌డేట్: సాయంత్రం కాగానే నెట్ పోయే సమస్య తీరింది

రోజూ ఏడు దాటితే ఫైబర్ నెట్ పదే పదే పోతోందని, రౌటర్ మార్చాలా అని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ ధన్యవాదాలు. రౌటర్ మార్చలేదు, అది బాగానే ఉంది.

"నెట్ పోయినప్పుడు ఎల్‌ఓఎస్ లైటు (ఫైబర్ సిగ్నల్ అందకపోతే పెట్టె మీద వెలిగేది) చూడండి" అన్న సలహానే దారి చూపింది. ఆ లైటు ఎర్రగా వెలుగుతోంది. అంటే వైఫై తప్పు కాదు, ఫైబర్‌లో వెలుతురే సరిగ్గా అందడం లేదు. టెక్నీషియన్ వచ్చి మీటర్ పెడితే మైనస్ 29 డీబీఎం చూపించింది (ఇది వెలుతురు బలాన్ని కొలిచే లెక్క, మైనస్ అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనం). మైనస్ 27 కన్నా పడిపోతే కనెక్షన్ నిలవడం కష్టమట.

కారణం మా కిటికీ! కేబుల్ దాని సందులోంచి వస్తోంది. సాయంత్రం దోమలు వస్తాయని కిటికీ తలుపు వేయగానే కేబుల్ నలిగి మడతపడుతోంది. పగలు తెరిచే ఉంటుంది కాబట్టి నెట్ బాగుండేది. ఇన్నాళ్లూ రాత్రి అందరూ వాడటం వల్లేమో అనుకున్నాను. గోడకు రంధ్రం చేసి కొత్త తీగ లాగారు, ఇప్పుడు మైనస్ 20. పది రోజులుగా ఒక్కసారీ పోలేదు.

వైఫై ఛానెల్, డీఎన్ఎస్ (సైట్ల చిరునామాలు వెతికిపెట్టే సర్వర్) మార్చడం, రౌటర్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయడం ఇవన్నీ మా సమస్యకు సంబంధం లేనివి. రీసెట్ చేశాక సెట్టింగులన్నీ మళ్లీ పెట్టుకోవాల్సి వచ్చింది, ముందు లైటు చూసి ఉంటే ఆ టెన్షన్ తప్పేది.