అప్‌డేట్: బావకి స్టెమ్ సెల్ ఇంజెక్షన్ వేయించాలా అని అడిగాను కదా

పొదిలి దగ్గర మా బావ పొగాకు బ్యారన్‌లో కర్రలు ఎక్కిస్తూ జారిపడ్డాడని, నడుము దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నదని, ఓ ఏజెంటు లక్షల్లో స్టెమ్ సెల్ (మూలకణాల) ప్యాకేజీ చెబుతున్నాడని రాశాను. వేయించలేదు.

మీలో ఒకరు చెప్పినట్టే ఆ ఏజెంటుతో "ఇది ట్రయలైతే సీటీఆర్ఐ నంబరు ఇవ్వండి" అన్నాను (మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ అది). "అవన్నీ మీకెందుకండీ, రిజల్ట్ చూడండి" అన్నాడు. అక్కకి అప్పుడే అర్థమైపోయింది. 2017 ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం వెన్నుపాము గాయానికి స్టెమ్ సెల్స్ ఆమోదించిన చికిత్స కాదు. ట్రయల్‌లో మాత్రమే ఇవ్వాలి, అందులో పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకూడదు. (మావాళ్ళు అప్పటికే పొలం కాగితాలు బయటికి తీశారు!)

వెన్నుపాముకి కరెంటు స్టిమ్యులేషన్ ఇచ్చే సంగతి అడిగినవాళ్ళకి: 2024 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ (మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ) అనుమతించిన ఆర్క్-ఈఎక్స్ అనే పరికరం, మెడ దగ్గర పాక్షికంగా దెబ్బతిన్నవాళ్ళ చేతుల కోసం. బావది నడుము దెబ్బ, వెన్నుపాము గాయం తీవ్రత చెప్పే ASIA స్కేలులో గ్రేడ్ 'ఎ', అంటే పూర్తి గాయం. మాకది పనికిరాదు.

వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి రిహాబ్‌ (పునరావాస విభాగం)లో చేర్చాం. టైము ప్రకారం గొట్టం వేసి మూత్రం తీయడం అక్క నేర్చుకుంది. బావ రోజూ చేతి అద్దం వెనక్కి పెట్టి పిరుదుల మీద ఎర్రమచ్చ ఉందేమో తనే చూసుకుంటాడు. పుండు పడితే నెలల తరబడి మంచమే మరి. ఇప్పుడు చెక్క పలక మీద జరిగి మంచం నుంచి వీల్‌చైర్‌లోకి వెళ్తున్నాడు.

ఇంటి దగ్గర బాత్రూమ్ తలుపు వెడల్పు చేయిస్తున్నాం. ఒంగోలులో పుండ్లు పడకుండా వాడే మంచి ఎయిర్ బెడ్ ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే చెప్పండి.