వరస నంబర్లని మ్యాచ్-కేస్‌తో పట్టుకుంటే మధ్యలో తెగిపోతోంది

ప్రశ్న:
పైథాన్ 3.10 నుంచి వచ్చిన, లిస్ట్ ఆకారాన్ని బట్టి దారి ఎంచుకునే మ్యాచ్-కేస్‌తో ఒకటి ట్రై చేస్తున్నానండి. 3, 4, 5, 9, 11, 12, 20 అని లిస్ట్ ఉంది, వరసగా ఉన్నవన్నీ ఒక ముక్కగా రావాలి, అంటే 3 నుంచి 5, ఒంటరిగా 9, 11 నుంచి 12, ఒంటరిగా 20. మొదటి రెండిటికీ ఏ, బీ అని పేర్లు పెట్టి, మిగతాదంతా స్టార్‌తో రెస్ట్‌లోకి తీసుకుని, బీ వచ్చి ఏ ప్లస్ 1 అయితేనే అని ఇఫ్ గార్డ్ (అదనపు షరతు) పెట్టా, తర్వాత రెస్ట్ మీద మళ్ళీ అదే ఫంక్షన్. కానీ 3, 4 ఒక ముక్క, 5 వేరే ముక్క వస్తోంది. గార్డ్ కరెక్టే కదా?

రిప్లై 1:
గార్డ్ బానే ఉంది. రెండిటినీ మింగేసి రెస్ట్ ఒక్కటే ముందుకి పంపుతున్నారు, 5 దగ్గరికి వచ్చేసరికి దానికి ముందు 4 ఉందని ఫంక్షన్‌కి తెలీదు. ఇప్పటిదాకా వచ్చిన ముక్క మొదలు, చివర కూడా ఫంక్షన్‌కి ఇవ్వండి, అప్పుడు ఒక్కో నంబరే తీస్తే చాలు. అది చివర ప్లస్ 1 అయితే చివరని జరపండి, కాకపోతే ఆ ముక్కని రిజల్ట్‌లో వేసి కొత్తది మొదలెట్టండి. ఖాళీ లిస్ట్ కేస్‌లో చేతిలో మిగిలింది కూడా వేయాలి, లేదంటే 20 గల్లంతు.

రిప్లై 2:
పై లాజిక్ కరెక్టే కానీ పైథాన్‌లో నేనైతే ఇలా రాయను. స్టార్ రెస్ట్ అన్న ప్రతిసారీ కొత్త లిస్ట్ కాపీ అవుతుంది, పైగా రికర్షన్ లిమిట్ (ఫంక్షన్ తనని తానే ఎంత లోతుకి పిలుచుకోవచ్చన్న హద్దు) డిఫాల్ట్‌గా 1000, కాస్త పెద్ద లిస్ట్ ఇస్తే ఎర్రరే. ఎర్లాంగ్, ఎలిక్సిర్, హాస్కెల్‌లో లింక్డ్ లిస్టులు (ఒక్కోటీ తర్వాతదాన్ని చూపించే గొలుసులు) కాబట్టి తోక, అంటే మొదటిది పోగా మిగిలింది, తీసుకోడానికి ఖర్చేమీ ఉండదు, ఈ స్టైల్ అక్కడ బావుంటుంది. ఇక్కడ ఇటర్‌టూల్స్‌లో గ్రూప్‌బై వాడండి, అది పక్కపక్కన ఒకే కీ ఉన్నవాటిని ఒక గుంపు చేస్తుంది. కీ వచ్చి నంబర్ మైనస్ దాని ఇండెక్స్ (0 నుంచి లెక్కపెట్టిన స్థానం). మీ లిస్ట్‌కి 3, 3, 3, 6, 7, 7, 14 వస్తాయి, ఒకేలా ఉన్నవి ఒక ముక్క, అంతే.

ప్రశ్న అడిగినవారు:
అబ్బ, ఇది సూపర్ అండి! మరి 4, 4, 5 లాగా రిపీట్ అయితే? లిస్ట్ సార్ట్ అయి లేకపోతే?

రిప్లై 2:
రిపీట్ దగ్గర తెగుతుంది, మొదటి 4 ఒంటరి, తర్వాత 4 నుంచి 5. అలా వద్దంటే ముందే లిస్ట్‌ని సెట్‌గా మార్చి (రిపీట్లు పోతాయి) సార్ట్ చేసేయండి. సార్ట్ లేకపోయినా గ్రూప్‌బై పక్కపక్కనున్న వాటినే కలుపుతుంది కాబట్టి పర్లేదు, కానీ అదే కీతో డిక్షనరీలో వేస్తే మాత్రం 3, 9, 5 లో 3, 5 రెండిటికీ కీ 3 వచ్చి ఒకే ముక్కలో కూర్చుంటాయి.